ముట్టుకుంటే ఆడాల్సిందే

"మేడమ్, మంత్రి మెరుస్తోంది," అని కెమెరా వెనకనుంచి అరిచాడు అసిస్టెంటు డైరెక్టరు.

చదరంగం టీచరు బల్ల మీది చెయ్యి కదపలేదు. కదిపితే మళ్ళీ మొదటికొస్తుంది. మేకప్ అమ్మాయి పరుగున వచ్చి పౌడరు పఫ్‌తో తెల్ల మంత్రి నెత్తిన రెండు దెబ్బలు వేసి, అదే ఊపులో టీచరు వేలి కణుపుల మీద కూడా రెండు వేసి వెళ్ళిపోయింది. పావుకీ మనిషికీ ఆ పిల్ల తేడా ఏమీ చూపించలేదు. అప్పటికి పదమూడు టేకులయ్యాయి. ఒకసారి లైటు మెరిసింది, ఒకసారి పావు అడుగున అతికించిన మెత్తటి గుడ్డ ఊడింది, ఒకసారి అంతా కుదిరాక టీచరుకే తుమ్మొచ్చింది.

టీచరు తొడుక్కున్న నీలం చొక్కాకి చేతులు తప్ప ఇంకేమీ లేవు. హీరోయిన్ చొక్కా కుట్టిన గుడ్డలోంచే రెండు చేతులు విడిగా కుట్టించి, మోచేతుల దాకా తొడిగి, పిన్నులు పెట్టారు. ఆ పైన ఇంటినుంచి వేసుకొచ్చిన మామూలు బట్టలే. కెమెరాకి కావలసింది అంతవరకే మరి.

రోజూ సాయంత్రం ఏడింటికి వచ్చే సీరియల్ అది. ఒక దిక్కులేని పిల్ల చదరంగం ఆడి ఆడి ప్రపంచాన్ని గెలుస్తుంది. అందులో ముఖం హీరోయిన్‌ది. ఏడవాలన్నా, పెదవి కొరుక్కోవాలన్నా, ఎదుటివాడికి చెమటలు పట్టేలా "చెక్‌మేట్" అనాలన్నా ఆ అమ్మాయే. తీరా చెయ్యి పావు మీదికి వెళ్ళే వేళకి ఆ అమ్మాయి లేస్తుంది, అదే కుర్చీలో టీచరు కూర్చుంటుంది, కెమెరా కిందికి దిగుతుంది. ఎందుకంటే హీరోయిన్‌కి గోళ్ళు కొరుక్కునే అలవాటు ఉంది. అదీ ఏదో పైపైన కాదు, లోపలి ఎర్రటి మాంసం కనపడేదాకా కొరుకుతుంది. ప్రపంచ విజేత గోళ్ళు అలా ఉంటే ఎవరు చూస్తారు?

అసలు టీచరుని పిలిచింది చేతుల కోసం కాదు. బల్ల ఎటు తిప్పి పెట్టాలో చెప్పడానికి. కుడిచేతి మూల తెల్ల గడి ఉండాలన్న చిన్న ముక్క ఈ టీవీవాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. వాళ్ళనని ఏం లాభం, ఎన్నికలొస్తే పేపర్లవాళ్ళు కూడా వార్త పక్కన చదరంగం బొమ్మ వేస్తారు, అందులో ఇద్దరు రాజులూ పక్క పక్క గళ్ళలో నిలబడి కబుర్లాడుకుంటూ ఉంటారు. అలాంటివి కనపడితే టీచరు పెన్ను తీసి దిద్దేదాకా ఊరుకోలేదు. "మంత్రి అనండీ, మా వాడుకలో అదే మాట," అని మొదటిరోజే చెప్పింది కూడా. "మంత్రి అంటే రాజకీయాలైపోతాయి మేడమ్. రాణి అంటే హీరోయిన్‌కి కరెక్టుగా సరిపోతుంది," అన్నాడు అసిస్టెంటు. సీరియల్లో రాణి అయింది. సెట్లో మాత్రం టీచరు బాధ పడలేక అతను కూడా మంత్రి అనడం నేర్చుకున్నాడు.

ఆ మొదటిరోజే, బల్ల సర్దుతూ ఆమె ఒక పావు ఎత్తి పెట్టడం డైరెక్టరు చూశాడు. టీచరు కుడిచేతి చిటికెన వేలు చిన్నప్పుడు తలుపు సందులో పడి నలిగింది. అప్పట్నుంచీ మడత పడదు. పావు పట్టుకుంటే మిగతా వేళ్ళన్నీ ముడుచుకుంటాయి, అదొక్కటే నిక్కి నిలబడుతుంది. "ఇది కనపడకుండా తియ్యండి బాబూ," అని బతిమాలింది ఆమె. "భలేవారే, అదే కావాలి," అన్నాడాయన. రెండు నెలల్లో ఆ వేలు ఊరంతా పాకిపోయింది. సబ్బు ప్రకటనలో ఆ వేలే. బస్సుల వెనక అద్దాల మీద ఆ వేలే. దాని కింద పేరు మాత్రం హీరోయిన్‌ది.

చేతుల సంగతి ఎవరితోనూ అనకూడదని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇంట్లో "బల్ల సర్దిపెట్టడానికి పిలుస్తున్నారు" అని చెప్పింది. అబద్ధం కాదు, సగం నిజం. చెప్పకూడదన్నారు గానీ, ఎవరైనా పోల్చుకుంటే వద్దనలేదు కదా. పన్నెండేళ్ళ కూతురు ఈ చేతుల్లోనే పెరిగింది. అది ఈపాటికి పోల్చుకోవాలి. రోజూ ఏడింటికి టీచరు కూతురి ముఖం వైపే చూస్తూ కూర్చునేది.

"టీచర్, గుర్రం ఎందుకలా వంకరగా దూకుతుంది?" అని అడిగింది హీరోయిన్. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చొక్కా చేతులు వేళ్ళ చివర్ల దాకా లాక్కుని, బల్ల వైపు కన్నార్పకుండా చూస్తోంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో.

"దాని నడకే అంత," అంది టీచరు.

"నాకు నేర్పకూడదూ? మీ షాట్లు తీస్తున్నంతసేపూ ఊరికేగా కూర్చుంటా."

"మీకెందుకమ్మా ఆ శ్రమంతా? చేతులు నేనున్నానుగా."

ఎంతో మెత్తగా అంది ఆ మాట. అలా మెత్తగా అనడంలో ఉన్న సుఖం ఆమెకి మాత్రమే తెలుసు. హీరోయిన్ ఈ రెండు నెలల్లో అలా అడగడం పదోసారో, పదకొండోసారో. ఒక్కో సారికి ఒక్కో వంక దొరికేది. ముఖం ఉంది, పేరు ఉంది, బస్సుల వెనక బొమ్మ ఉంది. ఇంకా ఆట కూడా కావాలా ఈ పిల్లకి? ఆ ఒక్కటీ నాకుండనీ అనుకుంది టీచరు.

పదిహేనో టేకు ఓకే అయింది. మంత్రి గడిలో దిగింది, చిటికెన వేలు నిక్కింది. పావు బల్లకి తగిలిన చప్పుడు మాత్రం తర్వాత సౌండు ఆయన రెండు చెక్కముక్కలు కొట్టి కలుపుతాడు. "సూపర్!" అని చప్పట్లు కొట్టాడు డైరెక్టరు, హీరోయిన్ వైపు తిరిగి.

*

"చూడవే, చూడు! ఆ వేలు చూడు!" అన్నారు అత్తగారు. కుర్చీని టీవీకి ఇంకో జానెడు దగ్గరికి లాక్కున్నారు. "చెయ్యంటే అలా ఉండాలి. పెట్టి పుట్టాలమ్మా."

టీచరు గుమ్మంలో నిలబడి, తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుంటోంది. తెర నిండా తన చెయ్యే. షూటింగులో గోళ్ళకి వేసిన రంగు ఇంకా సరిగ్గా వదల్లేదు, అందుకే ఆ చేతిని తువ్వాల్లోనే ఉంచుకుంది.

"నా చేతులు కూడా అలాగే ఉంటాయి కదా అత్తయ్యా," అంది, ఏదో మాటవరసకి అన్నట్టు.

అత్తగారు వెనక్కి తిరిగి ఎగాదిగా చూశారు. "నీవా? అంట్లు తోమి తోమి నీ చేతులు బొగ్గు పట్టకార్లలా అయ్యాయి కదే తల్లీ. ఆ పిల్ల చేతులు పాలలో ముంచి తీసినట్టున్నాయి."

అత్తగారిది దురుద్దేశం కాదు. ఆవిడకి ఏదనిపిస్తే అది అనేస్తారు, అంతే. అయినా టీచరు తువ్వాలుని వేళ్ళకి ఇంకో చుట్టు చుట్టుకుంది. నా చేతుల్నే నాకు గొప్పగా చూపించి నన్ను వెక్కిరిస్తుంటే, నోరు మూసుకుని వినాల్సి వచ్చిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను అనుకుంది.

కూతురు నేల మీద బల్ల పరుచుకుని కూర్చుంది. కుడిచేతి చిటికెన వేలికి రబ్బరు బ్యాండు చుట్టి, దాన్ని మణికట్టు గాజులోంచి వెనక్కి లాగి కట్టుకుంది. వేలు నిక్కి నిలబడింది. మూడు వేళ్ళతో శకటు పావుని ఎత్తి పెట్టింది, మళ్ళీ తీసింది, మళ్ళీ పెట్టింది.

"ఏమిటే ఆ కట్లు?"

"క్లాసులో అందరూ కట్టుకుంటున్నారమ్మా. నీకైతే ఈ బాధ లేదు. నీ వేలు ఎలాగూ వంకరేగా!" అని నవ్వింది.

అత్తగారు కూడా నవ్వారు. టీచరు నవ్వలేదు. తెర మీద హీరోయిన్ ముఖం వచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు. కూతురు తెర వైపు చూస్తూ ఉండిపోయింది, ఆ చూపు చూస్తే టీచరుకి ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల ఏం చేసిందని? గ్లిసరిన్ రాసుకుని కూర్చుంది. పద్నాలుగేళ్ళప్పుడు జిల్లా పోటీలో ఐదు గంటలు మంచినీళ్ళు కూడా తాగకుండా ఆడి గెలిచింది నేను. పాతికేళ్ళుగా బల్ల ముందు కూర్చున్నది నేను. కన్నది నేను. ఇది చూస్తున్నది మాత్రం ఆమెని.

*

ఇంటికి ఐదారు బస్సు స్టాపుల దూరంలో ఉన్న గ్రంథాలయం మేడ మీద హాల్లో చెస్ క్లాసు. సీరియల్ రాకముందు పదకొండు మంది పిల్లలుండేవారు. ఇప్పుడు యాభై దాటారు. కుర్చీలు చాలక కింద చదువుకునేవాళ్ళ బెంచీలు కూడా పైకి మోయించారు గ్రంథాలయం సెక్రటరీ గారు. ఆయనకి కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

శనివారం పొద్దున టీచరు మెట్లెక్కి వచ్చేసరికి హాలంతా నిక్కిన వేళ్ళే. కొందరికి రబ్బరు బ్యాండ్లు, కొందరికి దారాలు, ఒకడికైతే ఐస్‌క్రీము పుల్ల పెట్టి కట్టు కట్టారు, వేలు విరిగినవాడిలా. అందరూ పావులు టకటకా పెడుతున్నారు. ఎవరి రాజుకి ఏమౌతోందో ఎవరికీ పట్టలేదు.

"వేళ్ళు తర్వాత. ముందు బల్ల చూడండి," అంది టీచరు. ఒక పిల్ల దగ్గర వంగి, తప్పు పెట్టిన గుర్రాన్ని తీసి సరైన గడిలో పెట్టింది.

"హేయ్! టీచర్ కూడా హీరోయిన్‌లా పెడుతున్నారు!" అని అరిచింది ఆ పిల్ల. 

చుట్టుపక్కల బల్లలవాళ్ళంతా తిరిగి చూశారు. "టీచర్‌కి కూడా వచ్చేసింది!" "టీచర్ కూడా సీరియల్ చూస్తారు!" అని ఒకటే గోల. ఐస్‌క్రీము పుల్లవాడు పెద్దరికంగా తల అడ్డంగా ఊపి, "అలా కాదు టీచర్. ఇంకొంచెం పైకి. హీరోయిన్‌ది ఇంకా బాగా నిలబడుతుంది," అని సరిదిద్దాడు.

ఎవరితో చెప్పుకోవాలి ఈ గోడు? టీచరు ఆ చేతిని వెనక్కి పెట్టుకుని బోర్డు దగ్గరికి వెళ్ళింది. ముట్టుకుంటే ఆడాల్సిందే అన్న నియమం ఆరోజు పాఠం. చేత్తో తాకాక ఇక మనసు మార్చుకోవడం ఉండదని, ఆ పావునే ఆడాలని చెప్పింది. పిల్లలకి అది తెగ నచ్చింది. ఎదుటివాడి చెయ్యి పావుకి తగిలీ తగలక ముందే "ముట్టుకుంటే ఆడాల్సిందే!" అని కేకలు మొదలుపెట్టారు. 

పాఠం మధ్యలో సెక్రటరీ గారు ఆయాసపడుతూ పైకొచ్చారు. "టీచరుగారూ, రేపు మన పోటీలు ప్రారంభించడానికి ఎవరొస్తున్నారో చెప్పుకోండి!" అని, ఆమె నోరు తెరిచేలోపే తనే చెప్పేశారు. హాలు దద్దరిల్లిపోయింది. "మొదటి బల్ల మీద మొదటి ఎత్తు ఆవిడ చేత వేయిస్తాం. మీరెలాగూ రిఫరీ కదా, పక్కనే నిలబడండి. ఫోటోలో మీరూ పడతారు," అన్నారు దయగా.

ఆ సాయంత్రం హీరోయిన్ ఫోన్ చేసింది. "టీచర్, రేపు వచ్చేది మీ క్లాసుకేనట! మొదటి ఎత్తు వెయ్యాలంటున్నారు. నాకు భయంగా ఉంది. ఏది కదపాలో ఒక్కటి చెప్పండి చాలు, అదే బట్టీ పట్టుకుంటా."

రాజు ముందున్న బంటుని రెండు గళ్ళు జరపమంటే సరిపోయేది. నాలుగు మాటలు.

"దానికేముందమ్మా, మీ ఇష్టమొచ్చింది వెయ్యండి. మీరేం వేసినా జనం చప్పట్లు కొడతారు," అంది టీచరు.

"అంతేనంటారా?" అంది అటువైపు గొంతు, అనుమానంగా. టీచరు ఫోన్ పెట్టేసి, వంటగట్టు తుడవడంలో పడింది. తుడిచిందే మళ్ళీ తుడిచింది.

*

ఆదివారం హాల్లో గాలి ఆడటానికి చోటు లేదు. పిల్లలు, వాళ్ళ మధ్య టీచరు కూతురు, తల్లులు, తండ్రులు, ఫోన్లు పట్టుకుని బెంచీలెక్కిన కుర్రకారు. సెక్రటరీ గారు మైకు పట్టుకుని చదరంగం అంటే జీవితమని, జీవితమంటే చదరంగమని పది నిమిషాలు అటూ ఇటూ తిప్పి చెప్పారు. హీరోయిన్ నీలం రంగు బట్టల్లోనే వచ్చింది. పొడుగు చేతులు వేళ్ళని కప్పేశాయి. ఒక పక్కగా నిలబడి ఉన్న టీచరుని చూసి ఆమె ముఖం విప్పారింది. టీచరు మెడలోని రిఫరీ బిళ్ళ సర్దుకుంది.

మొదటి బల్ల దగ్గర నల్ల పావుల వైపు కూర్చున్నది ఐస్‌క్రీము పుల్లవాడు. హీరోయిన్ తెల్ల పావుల వైపు కూర్చుంది. ఫోన్లన్నీ లేచాయి. చొక్కా చేతిలోంచి వేళ్ళ చివర్లు కాస్త బయటికి వచ్చి, బల్ల మీద గాలిలో అటూ ఇటూ తచ్చాడాయి. కళ్ళెత్తి టీచరు వైపు చూసింది. ఏది? అన్నట్టు చూసింది. టీచరు చేతిలోని ఆట గడియారానికి కీ ఇస్తూ తల దించుకుంది.

ఆ వేళ్ళు చివరికి మూలనున్న ఏనుగుని పట్టుకున్నాయి. లావుగా, గట్టిగా, చేతికి అందేలా ఉంది మరి. పట్టుకున్నాక గానీ తెలియలేదు ఆమెకి, దాని ముందు బంటు, పక్కన గుర్రం. ఎటూ కదలదు.

"వేలు! వేలు లేవలేదు!" అంది ఒక చిన్నపిల్ల ముందు వరసలోంచి.

హీరోయిన్ చిటికెన వేలు లేపబోయింది. మిగతా వేళ్ళతో పాటే అది కూడా ముడుచుకుంది. కంగారులో ఏనుగు ముందుకి ఒరిగి, ముందున్న బంటుని పడగొట్టింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ఏనుగుని గబుక్కున కింద పెట్టేసి గుర్రం వైపు చెయ్యి చాపింది.

"ఆఁ ఆఁ! ఏనుగుని ముట్టుకున్నారు! ముట్టుకుంటే ఆడాల్సిందే!" అన్నాడు పుల్లవాడు.

అంతే, హాలంతా అందుకుంది. "ముట్టుకుంటే ఆడాల్సిందే! ముట్టుకుంటే ఆడాల్సిందే!" నిన్న నేర్చుకున్న పాఠం కదా, పిల్లలు గొంతులు చించుకున్నారు. హీరోయిన్ చెయ్యి గాలిలో ఆగిపోయింది. సెక్రటరీ గారు ఇబ్బందిగా నవ్వుతూ మైకు తెచ్చి టీచరు నోటి దగ్గర పెట్టారు. "మన రిఫరీ గారిని అడుగుదాం! ఏమంటారు టీచరుగారూ, రూలేమిటి?"

హాలు సద్దుమణిగింది. హీరోయిన్ టీచరు వైపు చూస్తోంది. ఆ కళ్ళలో గ్లిసరిన్ లేదు.

రూలేమిటో టీచరుకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఆ రూలుకి ఒక తోక ఉంది, దాన్ని చెప్పడానికి ఒక్క ఊపిరి చాలు. ఆ తోక ఆమె నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అప్పుడే ముందు వరసలోని చిన్నపిల్ల వేలికి కట్టుకున్న దారం ఆమె కంటపడింది. పాలలో ముంచి తీసిన చేతులు గుర్తొచ్చాయి. నీ వేలు ఎలాగూ వంకరేగా అన్న మాట గుర్తొచ్చింది. 

"రూలు రూలేనండీ," అంది మైకులో. "ముట్టుకుంటే ఆడాల్సిందే."

పిల్లలు హోరున అరిచారు. "ఆడండి! ఆడండి!" "టీవీలో ఎలా ఆడారు మరి?" అని పుల్లవాడు అడిగాడు. వాడికి వెటకారం తెలియదు, నిజంగానే అడిగాడు.

 హీరోయిన్ లేచి నిలబడి, చొక్కా చేతులు రెండూ మోచేతుల దాకా పైకి మడిచింది. చేతులెత్తి అందరికీ కనపడేలా పట్టుకుంది. గోళ్ళు లేవు. వేళ్ళ చివర్లు ఎర్రగా, చిట్లి, ఒకచోట నెత్తురు చారిక.

"టీవీలో ఆడింది నేను కాదు నాన్నా," అంది. మైకు లేకపోయినా వినపడింది. "నా చేతులు ఇలా ఉంటాయి. మీరు చూసే చేతులు ఇదిగో, ఈ టీచర్‌వి. వేలు కూడా ఆవిడదే. నాకు గుర్రం నడక కూడా తెలీదు. రెండు నెలలుగా పక్కన కూర్చుని ఈ చేతుల్ని చూసి కుళ్ళుకుంటున్నాను, మీ అందరి ముందూ చెప్పేస్తున్నా. నా ముఖం చూసి ఎవరూ ఇలా దారాలు కట్టుకోలేదు."

ఆ మాట అన్నాక కొంచెం నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. టీచరు నిలబడ్డచోటే నిలబడిపోయింది. కుళ్ళు అన్న మాటని ఇంతమందిలో, పేరు పెట్టి, తన గురించి తానే అనుకునే మనిషిని ఆమె ఎప్పుడూ చూడలేదు.

తర్వాత అంతా గందరగోళం. చప్పట్లు మోగాయి. ఫోన్లన్నీ టీచరు వైపు తిరిగాయి. "ఏదీ, చెయ్యి చూపించండి!" "ఒక పావు పట్టుకోండి మేడమ్!" సెక్రటరీ గారు ఆమె చేతికి మంత్రినిచ్చి పైకెత్తించారు. చిటికెన వేలు దానంతటదే నిక్కింది. పుల్లవాడు దగ్గరికొచ్చి ఆ వేలుని పట్టుకుని వంచి చూసి, "నిజంగానే వంగదు!" అని ప్రకటించాడు. రెండు నెలలుగా ఈ క్షణం కోసమే కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది ఆమె. వచ్చింది. జనం తన పేరడిగి రాసుకుంటున్నారు. సంతోషం కూడా వేసింది, లేదనడానికి లేదు. కానీ అది గొంతు దాటి కిందికి దిగలేదు. 

జనం మధ్యలోంచి తల తిప్పి చూసేసరికి హీరోయిన్ కుర్చీ ఖాళీగా ఉంది. వెనక మెట్ల మీదుగా వెళ్ళిపోయిందన్నారు ఎవరో.

*

పోటీలు ముగిసేసరికి నాలుగైంది. ఇంటికెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూతురు, ఇవతల టీచరు. ఫోన్ తీసి చూస్తే అసిస్టెంటు డైరెక్టరు తొమ్మిదిసార్లు చేసి ఉన్నాడు. ఎందుకో ఊహించలేనంత అమాయకురాలు కాదు ఆమె. రేపటినుంచి ఇంకెవరి చేతులో చూసుకుంటారు. ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. కూతురు ఏదైనా అంటుందేమోనని రెండు స్టాపులు ఎదురుచూసింది.

"ఏమే, అమ్మ చేతులని తెలిసి ఆశ్చర్యం వెయ్యలేదా?" అని చివరికి తనే అడిగింది.

"నాకు మొదటిరోజే తెలుసు," అంది కూతురు.

"ఏం తెలుసు?"

"నీవేనని. నువ్వు జడ వేసేటప్పుడు ఆ వేలు రోజూ నా చెవికి గుచ్చుకుంటుందిగా. తెలీకుండా ఎలా ఉంటుంది?"

టీచరు సీట్లో కిటికీ వైపుకి తిరిగింది. కూతురి చెయ్యి పట్టుకుంది. "మరి ఒక్కసారైనా అనలేదేం తల్లీ?"

"నువ్వు చెప్పట్లేదు కదా, చెప్పకూడదేమో అనుకున్నా. అందుకే వంకర వేలని ఆ జోకు వేశా. నువ్వు నవ్వుతావనుకున్నా." కూతురు చెయ్యి వెనక్కి తీసుకుంది. కోపంగా కాదు, గాజు సర్దుకోవడానికన్నట్టు. గాజునే తిప్పుతూ అడిగింది. "అమ్మా, ఆ ఏనుగుకి దారి లేదుగా?"

టీచరు ఒళ్ళోని ఫోన్‌ని తిరగేసి పెట్టింది.

"ముందు బంటు ఉంది. పక్కన గుర్రం ఉంది. దారి లేని పావుని ముట్టుకుంటే లెక్కలోకి రాదు, ఇంకేదైనా ఆడుకోవచ్చు. నువ్వే నేర్పావు నాకు. అందరూ అరుస్తుంటే నేను అరవలేదు. నువ్వు చెప్తావులే అని నీ వైపే చూస్తున్నా." గొంతు చిన్నదైంది. "నువ్వు రూలు సగమే చెప్పావు. ఎందుకు?"

బస్సు ఆగింది. ఇద్దరు దిగారు, ఒక పెద్దాయన ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. బస్సు మళ్ళీ కదిలింది. కూతురు తన చేతుల్ని పోల్చుకోవాలని, తన వైపు ఒక్కసారి నిదానంగా చూడాలని ఎంత కోరుకుంది! పిల్ల మొదటిరోజునుంచీ చూస్తూనే ఉంది. ఇవాళ మైకు ముందు కూడా చూసింది. ఏదీ దాని కళ్ళు దాటి పోలేదు.

మర్చిపోయానని చెప్పొచ్చు. కంగారులో తోచలేదని చెప్పొచ్చు. పిల్ల నమ్మదు, నమ్మినట్టు ఊరుకుంటుంది. ఇన్నాళ్ళూ ఊరుకున్నట్టే.

టీచరు ఒళ్ళోని ఫోన్ తీసి హీరోయిన్ నంబరు నొక్కింది. చాలాసేపు మోగింది. పెట్టేద్దామనుకుంటుండగా ఎత్తారు.

"టీచర్?" గొంతు బొంగురుగా ఉంది.

"అమ్మా, ఇవాళ మీరు తప్పేమీ ఆడలేదు," అంది టీచరు. "ఆ ఏనుగుకి దారి లేదు. దారి లేనిదాన్ని ముట్టుకుంటే లెక్క లేదు. మీరు ఇంకేదైనా ఆడొచ్చు. అదీ అసలు రూలు. నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు."

 లైను పోయిందేమోనని ఫోన్ చెవికి ఇంకాస్త నొక్కుకుంది.

"ఎందుకు టీచర్?" అంది హీరోయిన్. తిట్టినట్టు లేదు. గుర్రం ఎందుకలా దూకుతుందని అడిగేటప్పుడు ఎలా అడిగేదో, అలాగే.

"కుళ్ళుతో," అంది టీచరు, పెదవి విప్పీ విప్పకుండా.

"ఏంటండీ? బస్సు మోతలో వినపడట్లేదు."

"కుళ్ళుతోనమ్మా," అంది టీచరు గట్టిగా. "మీ మీద కుళ్ళుతో."

ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు. కూతురు లేచి, రెండు చేతులతో లాగి, కిటికీ అద్దం మూసేసింది. 

"ఇప్పుడు చెప్పమ్మా," అంది. "వినపడుతుంది."